స్క్రాప్‌కి పోవాల్సిన చార్జర్: ఉత్తర చెన్నైలో ఒక స్టీలు మిల్లు కేస్ స్టడీ

బ్యాటరీ చార్జర్లు రిపేరు చేయడం, కొత్తవి కట్టడం ఇరవై ఏళ్లకు పైగా నా వృత్తి. వర్క్‌షాప్ అంబత్తూరులో ఉంది. చెన్నైకి ఉత్తరాన, మణలి నుంచి గుమ్మిడిపూండి దాకా ఉన్న మిల్లుల్లో సగం పని తెలుగులోనే నడుస్తుంది. సూళ్లూరుపేట, తడ, నాయుడుపేటల నుంచి రోజూ రైల్లో వచ్చి పోయేవాళ్లు ఎక్కువ. ఈ కేసు అలాంటి ఒక మిల్లుది. ఎవరిదో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. ఎలక్ట్రికల్ లెక్కల జోలికి మాత్రం పోలేదు. ఇందులో నేను ఇచ్చిన ఒక సలహా కూడా తప్పయింది. అది ఎలా తప్పయిందో చెప్పడం కోసమే ముఖ్యంగా ఇది రాస్తున్నాను.

నేపథ్యం

మిల్లులో రెండు ఇండక్షన్ ఫర్నేసులు, ఒక రోలింగ్ లైను ఉన్నాయి. 33 కేవీ లైన్ మీద కరెంటు వస్తుంది. ఆ లైన్ వచ్చి చేరే స్విచ్‌యార్డులో ఫాల్ట్ వస్తే కరెంటును తెంచే బ్రేకర్లకు, ఫాల్ట్‌ను కనిపెట్టే రిలేలకు 110 వోల్టుల డీసీ కావాలి. అది 55 సెల్స్ ఉన్న 200 ఆంపియర్ అవర్ బ్యాటరీ నుంచి వస్తుంది. మామూలు రోజుల్లో చార్జర్ ఈ బ్యాటరీని సెల్‌కు 2.25 వోల్టుల చొప్పున, అంటే మొత్తం 124 వోల్టుల దగ్గర ఫ్లోట్‌లో (ఎప్పుడూ నిండుగా) ఉంచుతూ, రిలేలు, ఇండికేషన్ దీపాలు తినే 12 ఆంపియర్లను కూడా తానే ఇస్తుంది.

ఈ డీసీ గురించి మిల్లు యజమానులకు చెప్పడం ఎప్పుడూ కష్టమే. దీనితో ఒక్క కడ్డీ కూడా తయారవదు. కానీ షార్ట్ సర్క్యూట్ జరిగిన క్షణంలో ఏసీ వోల్టేజి పడిపోతుంది, అప్పుడు బ్రేకర్‌ను తెరిచేది బ్యాటరీయే. బ్రేకర్‌ను తెరిచే ట్రిప్ కాయిల్ 70 శాతం వోల్టేజి వరకు, అంటే 77 వోల్టుల దాకా పని చేయాలి, బ్రేకర్‌ను మూసే కాయిల్‌కు 85 శాతం కావాలి. ఆ 77 కన్నా కిందికి పోతే రిలే ఫాల్ట్‌ను చూసినా బ్రేకర్ తెరుచుకోదు. కేబులో ట్రాన్స్‌ఫార్మరో కాలిపోయేదాకా కరెంటు పారుతూనే ఉంటుంది.

అక్కడ మొదట ఉన్నది 60 ఆంపియర్ల థైరిస్టర్ చార్జర్. కింద మూడు ఫేజుల ట్రాన్స్‌ఫార్మర్, పైన ఆరు థైరిస్టర్లు (ఏసీని డీసీగా మార్చి, ఎంత పోనివ్వాలో నియంత్రించే స్విచ్‌లు), పక్కన డీసీని నున్నగా చేసే ఒక చోక్, కొన్ని కెపాసిటర్లు, ఒక కంట్రోల్ కార్డు. మొత్తం బరువు దాదాపు 400 కిలోలు. ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. చోటు ఎక్కువ తింటోందనీ, పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) బాగా లేదనీ, కంట్రోల్ కార్డుకు స్పేర్ దొరకడం లేదనీ 2021లో తీసేశారు. ఆ కారణాల్లో ఏదీ అబద్ధం కాదు. దాని స్థానంలో ఒక్కొక్కటి 20 ఆంపియర్లు ఇచ్చే మూడు ఎస్‌ఎంపీఎస్ మోడ్యూళ్ల (కరెంటును చాలా వేగంగా స్విచ్ చేసి డీసీ ఇచ్చే తేలికైన ఎలక్ట్రానిక్ పెట్టెల) ర్యాక్ పెట్టారు. లోడ్‌కు ఒక్క మోడ్యూల్ చాలు. ఒకటి పోతే ఇంకొకటి, అది కూడా పోతే మూడోది ఉందన్న ధీమా. కాగితం మీద పాతదానికన్నా ఇదే నమ్మదగ్గది.

సమస్య ఎలా మొదలైంది

నన్ను పిలిచేసరికి ఏడాదిలో ఆరు మోడ్యూళ్లు పోయాయి. మొదటి మూడింటిని తయారీదారు వారంటీ కింద మార్చి ఇచ్చాడు. కాలిన పాతవి తీసుకుపోయాడు కాబట్టి ఏం కాలిందో చూసే అవకాశం మాకు లేకుండా పోయింది. ఇప్పుడు ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే: మార్చి ఇచ్చినంత మాత్రాన సంతోషపడకుండా, పోయినదాన్ని విప్పి చూడనివ్వమని అడగండి.

నాలుగోదాన్ని విప్పాను. ఫ్యాన్ బిగుసుకుపోయి ఉంది. బోర్డు మీద నల్లటి సన్నని పొడి. కాలే ఇనుము మీద ఊడే పొలుసు నలిగి గాలిలో కలిసిన దుమ్ము అది. కొంత కార్బన్ కూడా ఉంది. సముద్రం దగ్గర కావడంతో గాలిలో ఉప్పు తేమ. ఆ దుమ్ము తడి లేకుండా ఉన్నప్పుడు అంత హాని చేయదు. ఉప్పు తేమ తాకితే మాత్రం బోర్డు మీద కరెంటుకు దారి ఏర్పడుతుంది. అది మే నెల, కత్తిరి ఎండల కాలం. ప్యానెల్ లోపల 52 డిగ్రీలు చూశాను. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా సగమవుతుందని ఈ వృత్తిలో అందరికీ తెలిసిన లెక్క. ఎస్‌ఎంపీఎస్ ప్రాణం ఆ కెపాసిటర్ల మీద, ఆ చిన్న ఫ్యాన్ మీద ఆధారపడి ఉంటుంది.

కాబట్టి కారణం వేడి, దుమ్ము అని తేల్చేశాను. కళ్ల ముందు అంత స్పష్టమైన కారణం కనిపిస్తుంటే ఇంకోటి వెతకాలన్న ఆలోచన రాలేదు.

ఏం చేసి చూశాం

ర్యాక్‌ను కంట్రోల్ రూములోకి మార్పించి, గదికి రెండు టన్నుల ఏసీ పెట్టించాను. తలుపులకు రబ్బరు సీలింగ్ వేయించాను. వేడి తగ్గింది, దుమ్ము తగ్గింది. మూడు నెలలు ఏమీ జరగలేదు. నాలుగో నెలలో మళ్లీ ఒకటి పోయింది.

ఈసారి విప్పితే బోర్డు శుభ్రంగా ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది. ఇన్‌పుట్ దగ్గర ఎక్కువ వోల్టేజిని మింగే వేరిస్టర్ పగిలి, లోపలి గోడంతా మసి. అంటే దెబ్బ లైను వైపు నుంచి వచ్చింది. పిడుగు, స్విచింగ్ సర్జ్ (క్షణంలో వచ్చి పోయే వోల్టేజి పోటు) అనుకుని సర్జ్ ప్రొటెక్షన్ పరికరాలు పెట్టించాం. ఆరు వారాల్లో వాటిలో రెండింటి మీద, పాడైందని చూపే కిటికీ పచ్చ నుంచి ఎరుపుకు మారింది. మార్చాం. మళ్లీ ఎరుపు.

అప్పుడు చేయాల్సిన పని చేశాను, మొదటి రోజే చేసి ఉండాల్సింది. వోల్టేజి తీరును నమోదు చేసే పవర్ అనలైజర్ అద్దెకు తెచ్చి వారం రోజులు చార్జర్ ఇన్‌పుట్ దగ్గర ఉంచాను. రాత్రి లోడ్ తగ్గినప్పుడు ఫేజు వోల్టేజి మామూలుగానే 250 దాటుతోంది. ఒక రాత్రి రెండు ఫర్నేసులూ ఒకేసారి ట్రిప్ అయ్యాయి. పవర్ ఫ్యాక్టర్ కోసం పెట్టిన కెపాసిటర్ బ్యాంకు వెంటనే విడిపోలేదు. దాదాపు ఒకటిన్నర సెకను పాటు ఫేజు వోల్టేజి 285కు ఎగిరింది. దానికి తోడు ఫర్నేసులు నడిచేటప్పుడు వోల్టేజి అల నున్నగా ఉండదు, రంపం పళ్లలా గంట్లు పడి ఉంటుంది.

సర్జ్ ప్రొటెక్షన్ ఎందుకు పని చేయలేదో ఇక్కడ అర్థమైంది. సర్జ్ అంటే మైక్రోసెకన్ల సంగతి. వేరిస్టర్ దాన్ని మింగి చల్లబడుతుంది. ఒకటిన్నర సెకను అంటే 75 సైకిళ్లు. అన్ని సైకిళ్లూ మింగాలంటే వేరిస్టర్ కాలిపోతుంది. మా జబ్బు ఒకటి, మేం వేసిన మందు ఇంకొకటి.

మోడ్యూల్ లోపలి లెక్క కూడా చూడాలి. పవర్ ఫ్యాక్టర్ సరిదిద్దే భాగం దాదాపు 400 వోల్టుల డీసీ తయారు చేస్తుంది. అక్కడ ఉండే కెపాసిటర్లు 450 వోల్టులవి. స్విచ్ చేసే మాస్‌ఫెట్లు 600, 650 వోల్టులవి. మామూలు ఆఫీసు కరెంటుకు ఆ తేడా చాలు. ఇక్కడ చాలదు. పాత చార్జర్‌లో అయితే ట్రాన్స్‌ఫార్మర్ దిగువన థైరిస్టర్లు చూసే పీక్ వోల్టేజి 190కి అటూ ఇటూ, వాటి సామర్థ్యం 1,200. లైన్ ఇరవై శాతం ఎగిరినా వాటికి లెక్క లేదు. రెండు యంత్రాల తేడా ఏమిటని నన్ను ఎవరు అడిగినా ముందు ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాసి చూపిస్తాను.

ఆ శనివారం రాత్రి

కెపాసిటర్ బ్యాంకు కంట్రోలర్‌ను సరిచేయమని రాసి ఇచ్చి వచ్చాను. అది జరిగేలోపే ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోర్‌మన్ ఫోన్ చేశాడు.

"అన్నా, డీసీ మీటరు వంద చూపిస్తోంది. మూడు పెట్టెలూ చచ్చాయి."

శనివారం రాత్రి పదకొండు ప్రాంతంలో చార్జింగ్ ఆగిపోయింది. పద్నాలుగు గంటలుగా బ్యాటరీ ఒక్కటే మోస్తోంది. హూటర్ ఎందుకు మోగలేదంటే దాని ఫ్యూజు తీసేసి ఉంది. అంతకు ముందు వారాల్లో అది అయినదానికీ కానిదానికీ అరుస్తుంటే ఆపరేటర్ కుర్రాడు విసిగి తీసేశాడు. అతన్ని నేను తప్పుపట్టలేను. రాత్రికి నాలుగుసార్లు ఉత్తినే అరిచే హూటర్‌ను ఎవరూ నమ్మరు. కానీ ఆ పద్నాలుగు గంటల్లో ఫాల్ట్ ఏదీ రాకపోవడం మా అదృష్టం. ఇంకాసేపు ఎవరూ చూడకపోయి ఉంటే ఏం జరిగేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

అవసరం లేని దీపాలు, ప్యానెళ్లు ఆపేయమని చెప్పి, వర్క్‌షాప్ నుంచి 5 కేవీఏ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (రెండు విడి చుట్టలున్నది), ఒక వేరియాక్ (తిప్పి వోల్టేజిని పెంచే, తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్), హీట్‌సింక్ మీద బిగించిన, ఏసీని డీసీగా మార్చే డయోడ్ బ్రిడ్జి చిన్న లారీలో వేసుకుని వెళ్లాను. చేరేసరికి బ్యాటరీ 98 వోల్టులు, అంటే సెల్‌కు 1.78.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లకు ఒక జాగ్రత్త. వేరియాక్ పెట్టి నేరుగా బ్రిడ్జికి కలిపితే వోల్టేజి వస్తుంది, బ్యాటరీ కూడా చార్జ్ అవుతుంది. కానీ అలా చేయకూడదు. స్విచ్‌యార్డు డీసీలో ప్లస్‌ను గానీ మైనస్‌ను గానీ ఎర్త్‌కు కలపరు. ఎక్కడో ఒక వైరు ఎర్త్‌కు తగిలినా పని ఆగకూడదని, బ్రేకర్ తనంతట తాను ట్రిప్ కాకూడదని అలా వదిలేస్తారు. వేరియాక్‌లో ఒకే చుట్ట ఉంటుంది, దాని గుండా ఏసీ న్యూట్రల్ మన డీసీకి ఎర్త్‌ను మోసుకొస్తుంది. అందుకే ఆ 60 కిలోల ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను నలుగురం మోసుకుని లోపల పెట్టాం.

బ్యాటరీకి 20 ఆంపియర్లు, లోడ్‌కు మిగతాది వచ్చేలా వేరియాక్ తిప్పి, అరగంటకోసారి సర్దుతూ రాత్రంతా కూర్చున్నాం. బ్యాటరీ వోల్టేజి పెరిగేకొద్దీ కరెంటు దానంతట అదే తగ్గుతూ వచ్చింది. తెల్లారేసరికి 124. ఇనుము, రాగి, నాలుగు డయోడ్లు తప్ప అందులో ఇంకేమీ లేదు.

మోడ్యూళ్లు ఒకేసారి ఎందుకు పోయాయన్నది ఆ రాత్రి టీ తాగుతుంటే ఫోర్‌మన్ మాటల్లో దొరికింది.

"అదే రాత్రి రూములో రెండు ట్యూబ్‌లైట్లు పోయాయన్నా. వాచ్‌మన్ సెల్ చార్జర్ కూడా కాలిపోయింది."

అవి పోవడానికి, మోడ్యూళ్లు పోవడానికి ఉమ్మడిగా ఉన్నది ఒక్క న్యూట్రలే. డిస్ట్రిబ్యూషన్ బోర్డు తెరిచి చూస్తే న్యూట్రల్ లగ్ (వైరు చివర బిగించే లోహపు ముక్క) నల్లగా కాలి, వేలితో కదిపితే ఊగుతోంది. రాగి బస్‌బార్ మీద అల్యూమినియం లగ్ బిగించారు, మధ్యలో బైమెటల్ వాషర్ లేదు. ఉప్పు గాలి ఆ జోడును తినేసింది.

మోడ్యూళ్లు సింగిల్ ఫేజువి. ఆర్, వై, బీ ఫేజులకు ఒక్కొక్కటి, అన్నింటికీ ఒకే న్యూట్రల్. న్యూట్రల్ తెగితే వోల్టేజి ఏ ఫేజు మీద ఎంత ఉండాలో లోడ్‌లే పంచుకుంటాయి. ఎక్కువ లోడ్ ఉన్న ఫేజు వోల్టేజి కుంగిపోతుంది, తక్కువ లోడ్ ఉన్నవి 415 వైపు ఎగబాకుతాయి. బీ ఫేజు మీద పెద్ద లోడ్ ఏమిటో చూశాను. నేను పెట్టించిన రెండు టన్నుల ఏసీ. ఆర్, వై మీద ఉన్న మోడ్యూళ్లు వోల్టేజి ఎక్కువై కాలిపోయాయి. బీ మీద ఉన్నది వోల్టేజి చాలక ఆగిపోయింది, న్యూట్రల్ బిగించగానే బతికింది.

వేడి తగ్గించడానికి నేను ఇచ్చిన సలహా ఆ పాడైన జాయింటు మీద మరో పది ఆంపియర్లు మోపింది, ఫేజుల మధ్య సమతూకాన్ని చెడగొట్టింది. ఏసీ పెట్టించిన రోజున ఆ బోర్డు తెరిచి, న్యూట్రల్ మీద టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) వేసి చూసి, జాయింటు బిగించి ఉంటే ఆ రాత్రి వచ్చేది కాదు. అప్పటి నుంచి ఏ ప్యానెల్‌కు కొత్త సింగిల్ ఫేజు లోడ్ కలిపినా ముందు న్యూట్రల్ జాయింటు చూడకుండా వదలను.

నిర్ణయం

మూడు దారులు కనిపించాయి.

ఒకటి, న్యూట్రల్ సరిచేసి, కొత్త మోడ్యూళ్లు తెచ్చి, వాటి ముందు ఒక ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, స్టెబిలైజర్ పెట్టడం. ఇది పని చేస్తుంది. కానీ లెక్క వేస్తే ఎలాగూ ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కొంటున్నాం, దాని వెనుక మళ్లీ ఆ సున్నితమైన బోర్డులే ఉంటాయి. రెండోది, కొత్త థైరిస్టర్ చార్జర్. ఆర్డర్ మీద కట్టాలి, నెలలు పడుతుంది. అంతవరకు నా వేరియాక్ పక్కన ఒక మనిషి కూర్చోవాలి.

మూడో దారి స్టోర్స్ వెనుక టార్పాలిన్ కింద ఉంది. పాత చార్జర్‌ను రాగి ధర కట్టి తీసుకుపోతామని స్క్రాప్ వాళ్లు రెండుసార్లు వచ్చారట. స్టోర్ కీపర్ ఇవ్వలేదు. "గేట్‌పాస్ మీద సంతకం కాలేదు సార్, అందుకని ఉంచా" అన్నాడు. ఆయన పద్ధతైన మనిషి కావడం మా అందరికీ మేలు చేసింది.

పాతది ఎంచుకోవడానికి నాకున్న కారణాలు ఇవి. దాని ప్రైమరీ డెల్టా. మూడు ఫేజులు చాలు, న్యూట్రల్‌తో పనే లేదు, కాబట్టి న్యూట్రల్ తెగినా దానికి తెలియదు. ప్రైమరీకి 380, 400, 415, 440 ట్యాపులున్నాయి, ఈ మిల్లు రాత్రి వోల్టేజికి 440 సరిగ్గా సరిపోతుంది. ఫ్యాన్ లేదు, గాలి దానంతట అదే కింద నుంచి పైకి పోతుంది. పాడైతే విడిభాగాలు విడివిడిగా దొరుకుతాయి. థైరిస్టర్లు, ఫ్యూజులు, కెపాసిటర్లు మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో సాయంత్రంలోపు తేవచ్చు. ఇంకొకటి కూడా ఉంది, దాన్ని నేను చిన్న విషయంగా చూడను: ఫోర్‌మన్‌కు ఆ యంత్రం తెలుసు. మోత మారితే, వార్నిష్ వాసన వస్తే, ఆంపియర్ మీటరు ముల్లు వణికితే ఆయన గుర్తుపడతాడు. ఆ చార్జర్ పోయే ముందు రోజుల తరబడి చెబుతుంది. మోడ్యూల్ అలా చెప్పదు, నిన్న పచ్చ దీపం, ఇవాళ ఎర్ర దీపం.

కరెంటు ఖర్చు లెక్క కూడా మేనేజర్ ముందు పెట్టాను. లోడ్ 1.5 కిలోవాట్లు. ఇంత తక్కువ లోడ్ మీద పాతదాని సామర్థ్యం 75 శాతం, మోడ్యూళ్లది 90 అనుకుంటే ఏడాదికి దాదాపు 2,900 యూనిట్లు ఎక్కువ. యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే 23 వేలు. ఇది నిజమైన ఖర్చే, దాచాల్సింది కాదు. ఏడాదికి ఆరు మోడ్యూళ్లు పోయే చోట దాన్ని కట్టడం మేలని ఆయనే అన్నారు.

పాతదాన్ని లేపడం

విప్పగానే ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్ వేశాం. ప్రైమరీకి, కోర్‌కు మధ్య 2 మెగోమ్‌లు. రెండు వానాకాలాల తేమ. ఈ రీడింగ్ చూసి చాలామంది వైండింగ్ పోయిందనుకుంటారు, మళ్లీ చుట్టించాలంటారు. తొందరపడలేదు. క్యాబినెట్ లోపల నాలుగు 200 వాట్ల బల్బులు వేలాడదీసి, పైన గుడ్డ కప్పి, ఆవిరి పోవడానికి కాస్త సందు వదిలి రెండు రోజులు వెలిగించాం. మొదటి రోజు రీడింగ్ ఇంకా పడింది, లోపలి తేమ బయటికి వచ్చేటప్పుడు అలాగే పడుతుంది. రెండో రోజు సాయంత్రానికి 200 దాటింది. అప్పుడు వార్నిష్ కొట్టి ఆరబెట్టాం. వైండింగ్‌కు అంతకు మించి ఏమీ చేయలేదు.

ఫిల్టర్ కెపాసిటర్లన్నీ మార్చాం. ఇక్కడ రాజీ పడకూడదు. ఎండిపోయిన కెపాసిటర్లతో నడిపితే డీసీ మీద అలలు మిగులుతాయి, ఇప్పుడున్నది సీల్డ్ బ్యాటరీ కాబట్టి ఆ అలలకు లోపల వేడెక్కుతుంది. ఒక థైరిస్టర్ గేటు బలహీనంగా ఉంటే మార్చాం. కంట్రోల్ కార్డు కొత్తది పెట్టి, దానికి బ్యాటరీ ఉష్ణోగ్రత సెన్సర్ కలిపాం. డిగ్రీకి సెల్‌కు 3 మిల్లీవోల్టుల చొప్పున తగ్గించాలి. 27 నుంచి 42 డిగ్రీలకు పోతే 55 సెల్స్ మీద దాదాపు రెండున్నర వోల్టులు. ఎస్‌ఎంపీఎస్ ర్యాక్‌లో ఈ ఏర్పాటు మొదటి నుంచీ ఉంది, పాతదానిలో లేదు. కొత్తదాని దగ్గర నేర్చుకోవాల్సింది నేర్చుకున్నాం.

బ్యాటరీకి కెపాసిటీ టెస్టు చేస్తే ఆ రాత్రి దెబ్బకు ఆరు సెల్స్ వెనకబడ్డాయి. వాటిని మార్చాం.

ఆన్ చేశాం. ఫర్నేసులు ఆగి ఉన్నంతసేపు ముల్లు కదల్లేదు. ఫర్నేసు మొదలవగానే వోల్టేజి 121కి, 128కి మధ్య ఊగడం మొదలుపెట్టింది, ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటోంది. ఫోర్‌మన్ నా మొహం చూశాడు. నేను కార్డులో గెయిన్ (తేడా కనిపిస్తే ఎంత గట్టిగా సరిదిద్దాలన్న సెట్టింగు) తగ్గించి చూశాను. ఊగడం నిదానించింది కానీ ఆగలేదు. ఒక రోజు అలా పోయింది.

ఆసిలోస్కోప్ పెట్టాక తెలిసింది. థైరిస్టర్‌ను ఎప్పుడు వెలిగించాలో కార్డు వోల్టేజి సున్నా దాటే క్షణం నుంచి లెక్కపెడుతుంది. ఫర్నేసు వేసే గంట్ల వల్ల అల ఒక్కసారి కాదు, రెండు మూడుసార్లు సున్నా దాటుతోంది. కార్డు తప్పు చోటి నుంచి లెక్క మొదలుపెడుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్ ఎంత మురికి కరెంటునైనా తట్టుకుంటుందని చెప్పేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇనుము, రాగి తట్టుకుంటాయి. వాటిని నడిపే చిన్న కార్డు తట్టుకోదు, దానికి మనం సాయం చేయాలి.

కార్డు ఆ సున్నాను చూసే సింక్ సిగ్నల్‌కు రెసిస్టర్, కెపాసిటర్ ఫిల్టర్ వేసి, దానివల్ల సిగ్నల్ ఎన్ని డిగ్రీలు వెనకబడుతుందో ఆ మేరకు కార్డులో సరిచేశాను. ఇన్‌పుట్‌కు 3 శాతం లైన్ చోక్ పెట్టాం. చార్జర్ ఫీడర్‌ను ఫర్నేసు వైపు నుంచి తీసి ఆక్సిలరీ ట్రాన్స్‌ఫార్మర్ మీదికి మార్చాం. అల శుభ్రపడటంలో ఈ మూడో పనిదే పెద్ద వాటా. ముల్లు 124 దగ్గర నిలిచింది.

మోడ్యూళ్లను పారేయలేదు. బతికినదాన్ని, ఇంకొక కొత్తదాన్ని లైటింగ్ ఫీడర్ మీద స్టాండ్‌బైగా ఉంచాం. రెండు చార్జర్లకూ, కరెంటు వెనక్కి పోకుండా ఆపే వేర్వేరు బ్లాకింగ్ డయోడ్లు. స్టాండ్‌బై వోల్టేజి 2 వోల్టులు తక్కువ పెట్టాం, అందువల్ల పాతది నడుస్తున్నంతసేపు అది మోయదు, పాతది ఆగితే ఎవరూ స్విచ్ వేయనక్కర్లేకుండా అందుకుంటుంది. ఒకే రకం దెబ్బకు రెండూ పోకూడదన్నదే ఆలోచన. మునుపటి మూడు మోడ్యూళ్లు మూడు కాదు, ఒకే న్యూట్రల్ మీద వేలాడిన ఒక్కటి. హూటర్‌ను తక్కువ వోల్టేజికి మాత్రమే మోగేలా చేసి, ఒక వైరు సెక్యూరిటీ గేటు దాకా లాగాం.

తర్వాత

ఇదంతా 2023 జూన్‌కు ముగిసింది. ఆ డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చింది. కరెంటు పోయి, డీజిల్ జనరేటర్ మీద రోజుల తరబడి నడపాల్సి వచ్చింది. జనరేటర్ మీద లోడ్ ఎక్కినా దిగినా వోల్టేజి, ఫ్రీక్వెన్సీ రెండూ కదులుతుంటాయి. లైన్ కరెంటు తిరిగొచ్చిన రోజు పోతూ వస్తూ ఉంది. చార్జర్ ప్రతిసారీ లేచింది. తేమ భయంతో నేను ముందే ఫోన్ చేసి మెగ్గర్ వేయకుండా ఆన్ చేయొద్దని చెప్పాను. ఫోర్‌మన్ అప్పటికే బల్బులు వేలాడదీసి ఉన్నాడు.

ఈ కేసు విని ఒకాయన బెంగళూరు పీణ్యలోని తన గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ చార్జర్లన్నీ ట్రాన్స్‌ఫార్మర్‌వి పెట్టమని అడిగారు. వెళ్లి చూశాను. శుభ్రమైన షెడ్డు, నిలకడైన కరెంటు, కొన్ని బండ్లకు లిథియం బ్యాటరీలు. లిథియం బ్యాటరీలోని మేనేజ్‌మెంట్ సిస్టమ్‌తో చార్జర్ మాట్లాడాలి, అది చెప్పినంత కరెంటే ఇవ్వాలి, ఆపమన్నప్పుడు ఆపాలి. పైగా బండి దగ్గరికి చార్జర్‌ను తీసుకెళ్లేంత తేలికగా ఉండాలి. అక్కడ ఎస్‌ఎంపీఎస్‌యే సరైనదని రాసి ఇచ్చాను. సీసం బ్యాటరీ, రోజంతా కదలని లోడ్, మురికి కరెంటు, దుమ్ము, ఆగితే ప్రమాదం ఉన్న పని, ఇవన్నీ ఒక చోట కలిసినప్పుడే ఆ 400 కిలోల బరువుకు నేను ఓటు వేస్తాను. ఏ చార్జరన్నది క్యాటలాగు చూసి తేల్చే ముందు వారం రోజులు అనలైజర్ పెట్టించండి. దాని అద్దె ఒక మోడ్యూల్ ధర కన్నా తక్కువ.

ఆ మిల్లులో ఇప్పుడు చార్జర్ తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంటుంది. మూడు నెలలకోసారి ఫోర్‌మన్ అందులో నాలుగు రీడింగులు రాస్తాడు: మెగ్గర్, అలల మిల్లీవోల్టులు, న్యూట్రల్ లగ్ వేడి, స్టాండ్‌బై అందుకోవడానికి పట్టిన సమయం. పోయినసారి వెళ్లినప్పుడు మెగ్గర్ 180 ఉంది, అలల రీడింగు కాస్త పెరిగింది. కెపాసిటర్లు వచ్చే కత్తిరికి ముందే మార్చేద్దామని ఆయనే అన్నాడు. తేదీ వేసి రాసుకున్నాం.